అంచు కోసం ఆకురాయి: సొంత సైకిల్ ఫ్రేమ్ చేసుకున్న అనుభవం

సైకిల్ ఫ్రేమ్ చేయడం నేర్పే మాస్టారు నా చేతిలో పెట్టిన మొదటి లగ్గు, అంటే గొట్టాలను కలిపే తొడుగు, చూసి నాకు నీరసం వచ్చింది. రెండు మిల్లీమీటర్ల మందం గోడ, మొద్దుబారిన కొసలు, ఒళ్ళంతా పోత గరుకు. పాత సైకిళ్ళ ఫోటోల్లో చూసి మనసు పారేసుకున్న వంకీలు, కిటికీలు దీనిలో మచ్చుకైనా లేవు.

"దీని అంచు చూపించు" అన్నారు.

వేలితో చూపించాను.

"అది అంచు కాదు, గోడ. అంచు ఇంకా పుట్టలేదు" అని ఒక ఆకురాయి నా ముందు పెట్టి ఆయన పని చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. అప్పటికి నా ఆలోచనంతా ఎర్ర రంగు వేయించాలా, ముదురు ఆకుపచ్చ వేయించాలా అన్నదాని మీదే ఉంది.

లగ్గు గురించి ఇంకొంచెం చెప్పాలి. స్టీల్ ఫ్రేమ్‌లో గొట్టాలను కలపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. నేరుగా వెల్డింగ్ చేయడం ఒకటి. కీలు చుట్టూ ఇత్తడి కరిగించి పోసి, దాన్ని ఆకురాయితో నునుపుగా దిద్దడం రెండోది. గొట్టాల కొసలను ఒక తొడుగులోకి దూర్చి, ఆ సందులోకి ఇత్తడో వెండి మిశ్రమమో కరిగించి పారించడం మూడోది. ఆ తొడుగే లగ్గు. ముందు హ్యాండిల్ దగ్గర పైన ఒకటి, కింద ఒకటి, సీటు కింద ఒకటి ఉంటాయి. పెడల్ ఇరుసు తిరిగే చోట బాటమ్ బ్రాకెట్, ముందు ఫోర్క్ భుజాల దగ్గర క్రౌన్ ఉంటాయి. ఇవి కూడా లగ్గు జాతివే. గొట్టం మీద నగిషీ చెక్కడానికి వీల్లేదు, అది అంత పలచన. చెక్కాలంటే మిగిలిన చోటు ఈ తొడుగులే. అందుకే చేత్తో చేసే ఫ్రేమ్‌లలో కళంతా చాలావరకు కీళ్ళ దగ్గరే చేరింది.

నాకు ఈ పిచ్చి పట్టించింది హెచిన్స్ ఫ్రేమ్‌లు. లండన్ టొటెన్‌హామ్‌లో హైమన్ హెచిన్ పేరు మీద నడిచిన చిన్న కంపెనీ అది. చేసే చేయి మాత్రం జాక్ డెన్నీ అనే పనివాడిది. 1930ల నుంచి వాళ్ళ లగ్గుల కొసలు తీగల్లా సాగి, వంకర్లు తిరిగి, మధ్యలో కిటికీలతో ఉండేవి. వెనక చక్రం దగ్గరి గొట్టాలను కూడా తిన్నగా ఉంచకుండా వంచేవాళ్ళు. వాటిని చూస్తే కంసాలి పనితనం గుర్తుకొచ్చేది. ఇటాలియన్లది వేరే పద్ధతి. కోల్నాగో వాళ్ళు లగ్గులో మూడాకుల క్లోవర్ ఆకారం కత్తిరిస్తారు. 1970లో డాన్సెల్లి అనే రేసర్ వాళ్ళు చేసిన సైకిల్ మీద మిలాన్-సాన్‌రెమో పందెం గెలిచాక ఆ గుర్తు వచ్చింది. అక్కడ నగిషీ అంటే ఒక్క గుర్తు, అది కూడా దూరం నుంచే తెలియాలి. నేను మొదట హెచిన్స్ లాంటిదే గీసుకుని వెళ్ళాను. తీగ మీద తీగ, సందు దొరికిన చోటల్లా ఓ కిటికీ.

మాస్టారు ఆ కాగితం చాలాసేపు చూశారు. తర్వాత పెన్సిల్‌తో ఒక్కో తీగ పక్కన ఒక్కో ప్రశ్న రాశారు. ఇక్కడికి ఆకురాయి ఎలా వెళ్తుంది? ఇక్కడికి మంట ఎలా వెళ్తుంది? ఇది గొట్టం మందంగా ఉన్న మేర దాటి పోయిందా?

చివరి ప్రశ్న నాకు కొత్త. ఫ్రేమ్‌కి వాడే మంచి గొట్టాల మందం అంతటా ఒకేలా ఉండదు. నావి కొసల్లో 0.8 మిల్లీమీటర్లు, మధ్యలో 0.5. వేడి తగిలేదీ, బరువు లాగేదీ కొసల్లోనే కాబట్టి అక్కడ మందం ఉంచి, మధ్యలో బరువు తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లో రేనాల్డ్స్ దీనికి 1897లోనే పేటెంట్ తీసుకుంది. బయటనుంచి చూస్తే ఏమీ తెలియదు, మందం తేడా అంతా లోపలి వైపే. నేను గీసిన పొడుగు తీగల్లో రెండు ఆ 0.5 మేర మీదికి పోతున్నాయి. అక్కడ మంట పెడితే గొట్టానికి మంచిది కాదు, పైగా ఆ కొస సరిగ్గా పలచన చోటే ఆగుతుంది. కుదుపులు తిన్నప్పుడు గొట్టం వంగేది ఎక్కడంటే మందం ఉన్నట్టుండి మారిన చోట. అందుకే లగ్గుకి మొన ఉంటుంది. అడ్డంగా కోసేసిన తొడుగైతే బరువంతా ఒకే చుట్టు గీత మీద పడుతుంది. మొన ఉంటే అది కొంచెం కొంచెంగా జారిపోతుంది. అంటే నేను అలంకారం అనుకున్న ఆ మొన ముందు నుంచీ పని చేస్తూనే ఉంది. దాన్ని ఇంకా సాగదీయాలని నేను తాపత్రయపడ్డాను.

వారం రోజులు గీసి, చెరిపి, చివరికి ఒక నీటి చుక్క దగ్గర ఆగాను. మూడు లగ్గులకీ రెండు పక్కలా ఒక్కో చుక్క కిటికీ, మొత్తం ఆరు. మొనలు కొంచెం సన్నగా, కొంచెం పొడుగ్గా. అంతే. కాగితం మీద చూస్తే వెలవెలబోయింది. "ఆరు చుక్కలు ఒకేలా తెచ్చాక మాట్లాడు" అన్నారు మాస్టారు.

చుక్క ఎందుకంటే దానికి గుండ్రటి వైపు ఒకటి, వాడి వైపు ఒకటి ఉంటాయి. గుండ్రటి వైపుకి డ్రిల్ బిట్ సరిపోతుంది, వాడి వైపుకి సన్న రంపం కావాలి. రెండు పనులూ ఒకే ఆకారంలో నేర్చుకోవచ్చు. ఇది నా తెలివేమీ కాదు, మాస్టారే తిప్పి తిప్పి నన్ను అక్కడికి తీసుకొచ్చారని తర్వాత తెలిసింది.

లగ్గు గుండ్రంగా ఉంటుంది, కాగితం చదునుగా ఉంటుంది. మొదటి ఇబ్బంది ఇదే. కాగితం మీద చక్కగా ఉన్న చుక్కని గొట్టం చుట్టూ చుడితే ఒక పక్కకి లాగినట్టు కనిపిస్తుంది. పలచటి రేకు మీద చుక్క కత్తిరించి, దాన్ని లగ్గు మీద వంచి, చుట్టూ సూదితో గీసుకున్నాను. రెండో పక్కకి అదే రేకు తిప్పి పెట్టాలి, కొత్తది చేయకూడదు. కొత్తది చేస్తే కొత్త తప్పులు వస్తాయి. లగ్గు పైన సరిగ్గా నడుమ ఒక గీత గీసి, రెండు పక్కలా కొలత అక్కణ్ణించే తీసుకున్నాను. అయినా మొదటి లగ్గులో ఎడమ చుక్క ఒక వెంట్రుకవాసి కిందికి దిగింది. దాన్ని సరిచేయాలంటే కుడి చుక్కని కిందికి సాగదీయాలి. సాగదీస్తే పెద్దదవుతుంది. అప్పుడు ఎడమదాన్ని పెద్దది చేయాలి. అలా రెండూ పోటీ పడి పెరుగుతూ పోయి, ఆ లగ్గు చివరికి అల్మరాలో పేపర్‌వెయిట్ అయ్యింది.

రంపం అంటే కంసాలులు వాడే వెంట్రుకలాంటి బ్లేడు. మొదటి రోజు పదకొండు బ్లేడులు విరిగాయి. తప్పు చేతిది, బ్లేడుది కాదు. బ్లేడుని ముందుకి నెడితే విరుగుతుంది. పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే దాని దారి అదే తీసుకుంటుంది. మలుపు దగ్గర ముందుకి పోకుండా, ఉన్నచోటే ఆడిస్తూ నెమ్మదిగా తిప్పాలి. ఇది రాసినంత సులువు కాదు. మలుపు వచ్చేసరికి ఊపిరి బిగబడుతుంది, భుజం బిగుస్తుంది, టక్కుమంటుంది.

అసలు పని ఆకురాయితోనే. పలక, అర్ధచంద్రం, గుండ్రం, మూడు మూలలది, ఇలా సూది ఆకురాళ్ళు పన్నెండు ఉన్నాయి నా దగ్గర. మొదటి లగ్గు అయ్యేసరికి వాటిలో ఏది ఎక్కడ నప్పుతుందో చూడకుండానే చెయ్యి తీసుకునేది. కిటికీ లోపలి గోడ నిలువుగా ఉండాలి. చెయ్యి కాస్త ఊగితే గోడ వాలుతుంది. గోడ వాలితే ఆకారం బయట ఒకలా, లోపల ఒకలా తయారవుతుంది. ఆ తర్వాత పలచన చేయడం. మొనల దగ్గర రెండు మిల్లీమీటర్ల గోడని అర మిల్లీమీటరు దాకా దించాలి. మెట్టులా కాదు, వాలులా. వేలు పెట్టి జరిపితే లగ్గు ఎక్కడ అయిపోయి గొట్టం ఎక్కడ మొదలైందో తెలిసీ తెలియనట్టు ఉండాలి. కంటికి మాత్రం ఆ గీత కత్తితో కోసినట్టు కనపడాలి. మూడు లగ్గులకి నలభై గంటల పైనే పట్టింది. మధ్యలో ఒకసారి మాస్టారు వచ్చి లగ్గు వెలుతురు కేసి పట్టుకుని, "ఇదిగో, పుట్టింది" అన్నారు. చూస్తే మొన చుట్టూ ఒక సన్నటి మెరుపు గీత. ఆరోజు నేను ఇంకేమీ పని చేయలేదు. పాడుచేస్తానేమోనని భయం.

గొట్టాల కొసలను ఒకదానికొకటి సరిపోయేలా చంద్రవంకలా కోయడం, కోణాలు చూసుకోవడం, వెనక గొట్టాలు చక్రానికి అటూ ఇటూ సమంగా వచ్చేలా జిగ్గులో, అంటే వాటిని కదలకుండా పట్టుకునే చట్రంలో, బిగించడం, ఇవన్నీ కూడా చేశాను. అవి తప్పితే సైకిల్ వంకరగా పోతుంది కాబట్టి ముఖ్యమే. కానీ వాటికి కొలబద్దలున్నాయి, సరిగ్గా వచ్చిందో లేదో అది చెప్పేస్తుంది. నా గోల కొలబద్ద లేని పని గురించి.

బ్రేజింగ్ అంటే లగ్గు సందులోకి వెండి మిశ్రమం కరిగించి పారించడం. దాని ముందు రోజు నాకు రాత్రంతా నిద్ర లేదు. అంతకుముందు ప్రాక్టీస్ కోసం పాత లగ్గులు నాలుగు ఇచ్చారు. మూడోదాంట్లో బాగానే చేశానని చూసుకుంటే మొన లేదు. కరిగిపోలేదు గానీ, నల్లగా మాడి, చివర కొంచెం పైకి లేచి గొట్టాన్ని వదిలేసింది. మందం ఉన్న చోటికీ మొనకీ ఒకే మంట చూపించాను, అదీ జరిగింది. పలచటి మొన చిటికెలో వేడెక్కుతుంది, మందపాటి మెడ ఇంకా చల్లగానే ఉంటుంది. నేను ఎంత అందంగా పలచన చేస్తే నాకు అంత కష్టం ఎదురు తెచ్చుకున్నట్టు. మంటని ఎప్పుడూ మందం వైపే ఉంచి, మొన మీదికి ఒక్క విసురు విసిరి వెనక్కి లాగాలి.

ఇత్తడి పారాలంటే సుమారు 900 డిగ్రీలు కావాలి. నేను వాడింది 56 శాతం వెండి ఉన్న రాడ్. అది 618 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెట్టి, 652 దగ్గర నీళ్ళలా పారుతుంది. పలచటి గొట్టాలకీ, చెక్కిన లగ్గులకీ ఆ తక్కువ వేడే రక్ష. ఖరీదెక్కువే, ఒక్కో అంగుళం చూసి వాడతాం. పాత రకం వెండి రాడ్‌లలో కాడ్మియం ఉండేది, దాని పొగ ప్రాణాంతకం. ఎవరైనా పాత సామాను చవగ్గా ఇస్తామంటే మాత్రం వద్దనండి.

థర్మామీటర్ పెట్టుకుని ఎవరూ చేయరు. చెప్పేది ఫ్లక్స్. వెలిగారం జాతి పేస్టు అది, తెల్లగా పూస్తాం. వేడెక్కే కొద్దీ అది ఉబ్బుతుంది, పొంగుతుంది, తర్వాత కుదురుకుని 600 డిగ్రీల దగ్గర్లో అద్దంలా పారదర్శకం అవుతుంది. అప్పుడు రాడ్ తాకించాలి. ఆలస్యం చేస్తే ఫ్లక్స్ నల్లబడి చచ్చిపోతుంది, ఇక ఎంత వెండి పెట్టినా గొట్టాన్ని అంటుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అంతా చల్లార్చి, కడిగి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

కరిగిన వెండి వేడి ఎటుంటే అటు పోతుంది. గొట్టానికీ లగ్గుకీ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు, దాంట్లోకి దానంతట అదే పీల్చుకుపోతుంది. లగ్గు పై అంచు దగ్గర రాడ్ పెట్టి, మంటని కిందికి నడిపిస్తే, వెండి దాని వెనకాలే నడుస్తుంది. లోపల ఏం జరుగుతోందో కనపడదు, అదే టెన్షన్.

సరిగ్గా అక్కడే నా నీటి చుక్కలు ఎందుకున్నాయో అర్థమైంది. మొదటి నిజమైన కీలు, సీటు లగ్గు. నేను మంటని కిందికి లాగుతున్నాను. ఫ్లక్స్ అద్దంలా ఉంది. చుక్క కిటికీ పై కొస దగ్గర ఒక మెరుపు తొంగి చూసింది. ఆ తర్వాత కిటికీ రెండు గోడల వెంట జారి, కింద గుండ్రటి చోట కలుసుకుంది. కంటి ముందు ఒక తెల్లటి గీత చుక్క ఆకారం చుట్టూ తిరిగొచ్చింది. అంటే అక్కడిదాకా లోపల వెండి నిండిందన్నమాట. మాస్టారు భుజం మీదుగా చూస్తూ, "కిటికీ ఉన్నది నీకు, చూసేవాళ్ళకి కాదు" అన్నారు. కిటికీ లేని లగ్గులో మనం కింది అంచు దగ్గర వెండి బయటికొచ్చే దాకా గాల్లో దీపం పెట్టినట్టే.

సీటు లగ్గు బాగా వచ్చింది. హ్యాండిల్ దగ్గరి కింది లగ్గులో మాత్రం భయంకొద్దీ వెండి ఎక్కువ పెట్టేశాను. కిటికీ సగం నిండిపోయింది, అంచు దాటి గొట్టం మీదికి కూడా పారింది. గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఫ్లక్స్ కరిగించాక దాని బండారం బయటపడింది. లగ్గు మొన ఉండాల్సిన చోట ఒక వెండి చెరువు.

ఫ్రేమ్ చేసేవాళ్ళు లగ్గు గొట్టాన్ని కలిసే గీతని షోర్‌లైన్ అంటారు, ఒడ్డు లాంటిదని. నా ఒడ్డు మునిగింది. దాన్ని బయటికి తీయడానికి వారం పట్టింది. ఇక్కడ ఆకురాయికి ఒక చిట్కా ఉంది. ఒక పక్క పళ్ళన్నీ అరగదీసి నున్నగా చేస్తారు. ఆ నున్నటి పక్క గొట్టం మీద ఆన్చి, పళ్ళున్న పక్కతో అంచుని కోస్తే గొట్టానికి గీత పడదు. పడితే ఆ 0.8 మిల్లీమీటర్లలోంచి తరిగినట్టు. ఎమెరీ పట్టీని చెప్పులు పాలిష్ చేసే గుడ్డలా రెండు చేతులతో లాగడం కూడా చేస్తారు, కానీ అది అంచులని గుండ్రం చేసేస్తుంది. నేను ఆ పని ఒక్కసారి చేసి, మెరుపు గీత మాయమవ్వడం చూసి, పట్టీ పక్కన పడేశాను.

సీటు దగ్గర వెనక గొట్టాల కొసలు మూయడానికి చిన్న మూతలుంటాయి. కొందరు వాటిని గరిటెలా లోపలికి తొలిచి, పేరులోని అక్షరాలు చెక్కుతారు. నాకు అప్పటికే ఓపిక అయిపోయింది. వాటికి కూడా చుక్క ఆకారమే ఇచ్చి వదిలేశాను. ముందు పెట్టే బ్యాడ్జి మాత్రం సరదాగా చేశాను. 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి రేకు, అదే సన్న రంపం. స్టీల్‌తో కుస్తీ పట్టిన చేతికి ఇత్తడి వెన్నలా అనిపించింది. గొట్టం వంపుకి తగ్గట్టు చెక్క రోలు మీద కొట్టి వంచుకున్నాను. ఒక్క రోజులో అయిపోయింది. ఫ్రేమ్ చూసినవాళ్ళందరూ ముందు మెచ్చుకునేది ఆ బ్యాడ్జినే. ఏం చేస్తాం.

ఇక అసలు దెబ్బ. రంగు వేసే ముందు ఫ్రేమ్ మీద తుప్పు, మిగిలిన ఫ్లక్స్ పోవడానికి గాలి ఒత్తిడితో సన్నటి గాజుపూసల పొడి కొట్టిస్తారు. ఆ పనికి బయట ఒక చోట ఇచ్చాను. గాజుపూసలే వాడండి, ఒత్తిడి తగ్గించండి, లగ్గుల దగ్గర జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. అలాగే అన్నారు. తీసుకురావడానికి వెళ్ళేసరికి ఫ్రేమ్ అంతా ఒకే రకం బూడిద రంగులో, చాలా శుభ్రంగా, గేటుకి కొట్టినట్టు ఉంది. ముతక రేణువు వాడారు. వేలు పెట్టి చూశాను. మొనలు జారిపోతున్నాయి. చుక్కల వాడి కొసలు సబ్బు ముక్క మూలల్లా అరిగిపోయాయి. గట్టిగా దెబ్బలాడాలని అనిపించింది. కానీ వాళ్ళ కంటికి అది శుభ్రమైన ఫ్రేమ్. మొన అర మిల్లీమీటరు ఉంటే ఏమిటి, పావు ఉంటే ఏమిటి? మరలు దెబ్బతినకుండా బాటమ్ బ్రాకెట్‌కి బిరడా మాత్రం పెట్టారు, ఆ మేరకు నయం.

మాస్టారు చూసి నన్ను తిట్టారు, వాళ్ళని కాదు. "నలభై గంటల పని అరగంట పనికి అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోతావా? పక్కన నిలబడాలి" అన్నారు.

పోయిన లోహం తిరిగి రాదు. ఉన్నదాంట్లోనే లోపలికి జరిగి కొత్త అంచు తీయాలి. చుక్కల లోపలి గోడలు మళ్ళీ ఆకురాయితో దిద్దాను. ప్రతి చుక్కా ఒక వెంట్రుకవాసి పెద్దదయ్యింది. ఈసారి లోపల గొట్టం ఉంది, కాబట్టి ఆకురాయి కొస దానికి తగలకుండా కోయాలి. మొదటిసారి ఖాళీ లగ్గు చేతిలో పట్టుకుని చేసినదానికీ, ఇప్పుడు పూర్తయిన ఫ్రేమ్ మీద వంగి చేసేదానికీ పోలికే లేదు. మెడ పట్టేసింది. మొనలు కూడా కొంచెం పొట్టివయ్యాయి. అలా ఇంకో మూడు వారాలు. మిగిలిన తుప్పు మరక నేనే ఎమెరీతో, సందుల్లో పుల్లకి చుట్టి మరీ తీశాను.

రంగు విషయంలో ఇక ఎవర్నీ నమ్మదలుచుకోలేదు. పొడి రంగు చల్లి కాల్చే పౌడర్ కోటింగ్ గట్టిది, తొందరగా అవుతుంది, నేను దాన్ని చులకన చేయను. కానీ అది మందంగా పడి, వేడికి కరిగి, పారి, అంచుల మీద గుండ్రంగా సర్దుకుంటుంది. దుప్పటి కప్పిన బొమ్మలా ఉంటుంది లగ్గు. అందుకని స్ప్రే రంగే, అది కూడా పలచటి పూతలు. ప్రైమర్ వేశాక ప్రతి పూతకీ మధ్య సన్న కాగితంతో రుద్దుతాం కదా, అక్కడ కూడా అంచే ముందు దెబ్బతింటుంది. ఎత్తుగా ఉన్నది ముందు అరుగుతుంది. ఒక చోట మొన మీద ప్రైమర్ అంతా పోయి స్టీల్ తెల్లగా బయటపడింది. అక్కడ బ్రష్‌తో తాకి సరిచేసుకున్నాను. ముదురు ఆకుపచ్చ మూడు పూతలు. అన్నీ అయ్యాక లైటు కింద పెట్టి చూస్తే చుక్కలు ఉన్నాయి. మొనలు ఉన్నాయి. అంత వాడిగా లేవు గానీ ఉన్నాయి.

ఆఖరు పని లైనింగ్. లగ్గు అంచు వెంట, కిటికీల చుట్టూ సన్నటి గీత గీయడం. నాది ఎరుపు. చేత్తో లైనింగ్ చేసిన పాత ఫ్రేమ్‌ని దగ్గరగా చూస్తే ఆ గీత ఒక చోట కొంచెం లావు, ఒక చోట సన్నం ఉంటుంది. అదే దాని అందం అని నా అభిప్రాయం. స్టిక్కర్ గీతకి ఆ ఊపిరి ఉండదు. దీనికి వాడే బ్రష్ వెంట్రుకలు పొడుగ్గా, కత్తిలా ఒక పక్కకి వాలి ఉంటాయి. పొడుగెందుకంటే వాటిలో రంగు ఎక్కువ నిలుస్తుంది, చెయ్యి చిన్నగా వణికినా ఆ వణుకు కొసదాకా చేరదు. ఎనామెల్ రంగుని టర్పెంటైన్‌తో పలచన చేసి, కార్డు ముక్క మీద బ్రష్ అటూ ఇటూ లాగి, కొస సూదిలా వచ్చాక మొదలెట్టాలి. చిటికెన వేలు గొట్టం మీద ఆన్చి, చెయ్యి మొత్తాన్ని లాగాలి. వేళ్ళు కదలకూడదు. కింద రంగు బాగా ఆరి ఉంటుంది కాబట్టి తప్పితే గుడ్డతో తుడిచేయొచ్చు. ఆ ధైర్యం ఒకటి ఉంది.

సీటు లగ్గు మీద మొదటి గీత పన్నెండుసార్లు తుడిచాను. పదమూడోసారి వచ్చింది. వచ్చిందంటే నేను గీసినట్టు అనిపించలేదు. బ్రష్ వెంట్రుకలు లగ్గు అంచుకి ఆనుకుని, పట్టాల మీద బండిలా, వాటంతట అవే మొన చుట్టూ తిరిగొచ్చాయి. ముతక రేణువు బాగా తినేసిన కింది లగ్గు దగ్గరికి వచ్చేసరికి తేడా తెలిసింది. అక్కడ ఆనుకోవడానికి మెట్టు సరిగ్గా లేదు. బ్రష్ జారిపోతోంది. కుడి వైపు చుక్క చుట్టూ గీయడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది. చివరికి కొంచెం లావుగా గీసి సరిపెట్టుకున్నాను. ముందు బ్రేక్ వైరు సరిగ్గా దాని మీదుగానే పోతుంది. ఎవరికీ కనపడదు.

పైన క్లియర్ కోట్ వేస్తే గీతకి రక్షణ అన్నారు. నేను వేయలేదు. ఇంకో పూత పడితే ఉన్న కాస్త అంచు కూడా మునుగుతుందని భయం. ఆ మొండితనానికి ఫలితం అనుభవిస్తున్నాను. సైకిల్ బిగించి ఏడాది దాటింది. మొన్న చైన్‌కి నూనె వేస్తూ చూస్తే, సీటు లగ్గు మొన దగ్గర ఎర్ర గీతలో గోరంత మేర రాలిపోయింది, బహుశా గోడకి ఆనించినప్పుడు. కింద ఆకుపచ్చ బాగానే ఉంది. ఎనామెల్ డబ్బా వెతికి మూత తీశాను. పైన పొర కట్టింది. దాన్ని పుల్లతో పక్కకి తీస్తే అడుగున కొంచెం రంగు ఇంకా పలచగానే ఉంది.